దేముడమ్మ ప్లేటు

మైకు సెట్టు నడిపినన్నాళ్ళూ అప్పలసూరి పేరు కంచరపాలెంలో తెలియనివాళ్ళు లేరు. పెళ్ళయినా, అమ్మవారి పండగయినా అతని సెట్టే కావాలని పట్టుబట్టేవాళ్ళు. అతని హారన్లు అందరి దగ్గరా ఉన్నవాటిలాంటివే. తేడా అంతా ప్లేట్లలో ఉండేది. గ్రామఫోను రికార్డుల్ని అప్పట్లో ప్లేట్లనేవాళ్ళు. మిగతావాళ్ళ ప్లేట్లు వేరుశనగ గింజలు వేగుతున్నట్టు చిటపటలాడుతుంటే, సూరి వేసిన పాట మాత్రం ఆ పాడినవాళ్ళు పందిట్లోనే కూర్చుని పాడుతున్నట్టుండేది.

అతను పాతవే కొనేవాడు, కానీ చూసి కొనేవాడు. ప్లేటుని అరచేతుల అంచుల మధ్య పట్టుకుని, వెలుగు పక్కనుంచి పడేలా కిటికీ దగ్గర వంచేవాడు. గాడులు నల్లగా మెరిస్తే మంచిది, బూడిద రంగు తేలితే అరిగిపోయింది. తర్వాత నడిమి కన్నం చూసేవాడు. కన్నం చుట్టూ అంటించిన లేబుల్ కాగితం మీద సన్నటి గీతలు గజిబిజిగా ఉన్నాయంటే దాన్ని చాలాసార్లు వాయించారన్నమాట. గోటితో తాకి గీత లోతు చెప్పేవాడు. అన్నీ అయ్యాక ముల్లు పెట్టి వినేవాడు. చివరి తీర్పు ఎప్పుడూ చెవిదే. "కళ్ళని మోసం సెయ్యొచ్చు, కొబ్బరి నూని రాసేత్తే తళతళలాడిపోద్ది. సెవిని మోసం సెయ్యలేవు బావా," అనేవాడు.

అతన్ని పెంచింది అక్క దేముడమ్మ. అప్పా అని పిలిచేవాడు. చోడవరం దగ్గర పల్లె నుంచి తండ్రి రైల్వే యార్డులో కూలికి వచ్చిన ఏడాదే తల్లి పోయింది. అప్పటికి సూరికి మూడేళ్ళు, దేముడమ్మకి పదిహేను. ఆమెకి పెళ్ళయింది గాని ఏడాది తిరక్కుండానే మూట పట్టుకుని తిరిగి వచ్చేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. జనపనార మిల్లులో పనికి కుదిరి, తమ్ముణ్ణి చదివించి, ఆ తర్వాత మైకు సెట్టు పెట్టించింది కూడా ఆమే.

దేముడమ్మ పాడేది. ఊడ్పుల పాటలు, జోలపాటలు, తల్లి దగ్గర నేర్చుకున్నవి. గొంతు సన్నంగా, పదునుగా ఉండేది. మిల్లులో మగ్గాల చప్పుడు దాటి పక్క షెడ్డుకి వినిపించేదని తోటివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. డెబ్భై నాలుగులో మద్రాసు నుంచి ఒక చిన్న రికార్డు కంపెనీ మనిషి పల్లెపాటల కోసం తిరుగుతూ ఆమె గురించి విన్నాడు. రైలు ఛార్జీలిచ్చి తీసుకెళ్ళి నాలుగు పాటలు పాడించాడు. అటు రెండు, ఇటు రెండు, చిన్న ప్లేటు. కంపెనీ రెండేళ్ళకే మూతపడింది. దేముడమ్మకి ఇచ్చినవి రెండే ప్లేట్లు. ఒకటి ఎవరో పెళ్ళివాళ్ళు ఎండలో వదిలేస్తే అప్పడంలా వంకర తిరిగిపోయింది. రెండోది సూరి పెట్టెలో ఉండేది.

క్యాసెట్లు వచ్చాక సెట్టుని అడిగేవాళ్ళు తగ్గారు. తొంభైలో సూరి హారన్లూ ప్లేయరూ అమ్మేసి గాజువాక వెళ్ళిపోయి, ఆటోనగర్లో రేకుల షెడ్డు ఒకదాంట్లో చేరాడు. ట్యాంకులు తయారుచేసే షెడ్డు అది. ఇనప పలకల్ని సుత్తులతో కొట్టి వంచడం, గ్రైండరు పట్టడం. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇనుము మీద ఇనుము. మొదటి నెలంతా ఇంటికొచ్చాక కూడా చెవుల్లో ఈల మోగేది. తర్వాత అలవాటైపోయింది. అలవాటైపోయిందనే అతను అనుకున్నాడు.

తొంభై మూడులో వానాకాలం ఇల్లు కురిసి ప్లేట్ల పెట్టెలు తడవడం మొదలెట్టాయి. ఎవరో పైఊరి వ్యాపారి పాత ప్లేట్లు గంపగుత్తగా కొంటున్నాడని విని సూరి కబురు పెట్టాడు. నాలుగు పెట్టెలు. తాళ్ళు కట్టి రిక్షా ఎక్కిస్తున్నప్పుడు అతనికి గుర్తుంది. మూడో పెట్టెలో అక్క ప్లేటు ఉంది. తాడు విప్పించి తీసుకోవచ్చు. కానీ వాన మొదలయింది, వ్యాపారి తొందరపడుతున్నాడు, కట్టిన తాడు విప్పమనడానికి మొహమాటమనిపించింది. ఎవరు వింటారులే ఇప్పుడు, ప్లేయరే లేదు కదా అనుకున్నాడు. రిక్షా వెళ్ళిపోయింది.

తొంభై ఎనిమిదిలో దేముడమ్మకి గొంతులో పుండు లేచింది. పెద్దాసుపత్రిలో చేర్చేసరికే ముదిరిపోయింది. మాట బాగా తగ్గిపోయిన రోజుల్లో ఓ మధ్యాహ్నం ఆమె తమ్ముణ్ణి దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"నా ప్లేటు ఉన్నాదేట్రా?"

సూరి గ్లాసులో నీళ్ళు పోస్తున్నాడు. తల ఎత్తలేదు. "ఉన్నాదప్పా. అదెక్కడికి పోద్ది."

"ఇంటికెల్లాక ఓపాలి ఎయ్యి. ఇంటాను."

"అలాగే."

ఆమె మళ్ళీ ఇంటికి రాలేదు. పదకొండో రోజున పోయింది. ఈ మాటలు సూరి భార్య నాగమణికి కూడా చాలాకాలం చెప్పలేదు.

రెండువేల నాలుగులో షెడ్డు మూసేశారు. సూరికి యాభై రెండేళ్ళు. అక్కడా ఇక్కడా పనులు చేసుకుంటూ ఉన్నాడు. నాగమణి బడిలో ఆయా. పిల్లలు లేరు. రెండేళ్ళ తర్వాత ఏవో కాగితాలు జిరాక్సు తీయించుకోడానికి పాత గాజువాకలో రాధ షాపుకి వెళ్ళాడు. రాధకి నలభై ఏళ్ళుంటాయి. భర్త పోయాక జిరాక్సు మిషనూ, మూడు కంప్యూటర్లూ తనే చూసుకుంటోంది. ఆ రోజు ఆమె పాత వస్తువులు అమ్ముకునే సైటులో కుట్టు మిషను వెతుకుతోంది. తెర మీద కుట్టు మిషను పక్కన ఒక నల్లటి ప్లేటు బొమ్మ కనిపించింది.

సూరి చేతిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి. "ఇయ్యి కూడా అమ్ముతారేటమ్మా దీంట్లో?"

"అన్నీ అమ్ముతారు బాబాయ్. నీకేటి కావాలో సెప్పు, ఎతుకుతాను."

అతను అక్క పేరు చెప్పాడు.

ఆ రోజు దొరకలేదు. ఆ తర్వాత ప్రతి గురువారం సూరి ఆ షాపుకి వెళ్ళడం మొదలెట్టాడు. దొరకని రోజుల్లో వేరే ప్లేట్లు చూస్తూ కూర్చునేవాడు. అమ్మేవాళ్ళు రాసే మాటలు రాధ చదివేది, అతను వాటికి అర్థం చెప్పేవాడు. 'కొత్తదానిలా ఉంది' అని రాసినవాడు ప్లేటుని కవర్లోంచి తీసి కూడా చూడలేదు. 'చాలా బాగుంది' అంటే పరవాలేదు. 'బాగుంది' అంటే బాగాలేదు. 'వాయించి చూడలేదు' అంటే వాయించి చూసి భయపడ్డాడు. పై కవరు బొమ్మ మాత్రమే పెట్టి ప్లేటు చూపించనివాణ్ణి అసలు నమ్మకూడదు. తప్పులు తనంతట తానే ఏకరువు పెట్టేవాడు దొరికితే వాణ్ణి వదలకూడదు.

"ఇంత తెల్సుకుని ఏటి సేత్తావ్ బాబాయ్, ప్లేయరే లేదు కదా నీ కాడ," అంది రాధ ఒకసారి.

ఆ మాట పట్టుకుని సూరి కంచరపాలెంలో పాత స్నేహితుడి దగ్గర మూలపడ్డ ప్లేయరు తెచ్చి బాగు చేయించాడు. పరీక్షకని సైటులోంచి నాలుగు ప్లేట్లు తెప్పించాడు. నాలుగూ నిరాశే. చూపుకి శుభ్రంగా ఉన్నాయి. వేస్తే గొంతులు మందంగా, బొంత కప్పినట్టు వచ్చాయి. ముల్లు మార్పించాడు. ప్లేయరు బాగుచేసినవాడు మళ్ళీ విని, ఏ లోపమూ లేదన్నాడు. అయితే ప్లేట్లదే లోపమని సూరి తేల్చేశాడు. అరిగిపోయిన సరుకుకి మెరుగు పెట్టి అంటగడుతున్నారు.

"నాలుగూ నలుగురు అమ్మినవి కదా బాబాయ్," అంది రాధ. "నాలుగూ ఒకేలాగ పాడైపోతాయేటి?"

"లోకం అలాగ తగలడింది మరి," అన్నాడు సూరి.

అక్క ప్లేటు రెండువేల ఏడు నవంబరులో దొరికింది. పేరు దేవుడమ్మ అని రాసి ఉండటంతో అంతకుముందు వెతికినప్పుడెప్పుడూ పడలేదు. ఆ రోజు రాధ ఊరికే పేరు మార్చి కొట్టి చూసింది. లేబుల్ మీద కంపెనీవాళ్ళే తప్పు అచ్చువేశారని సూరికి అప్పుడు గుర్తొచ్చింది. అక్క దాన్ని చూసి నవ్వింది కూడా.

అమ్ముతున్నది తణుకులో అచ్యుతరామయ్య అనే రిటైరయిన తెలుగు మేష్టారు. కాలేజీలో కంప్యూటర్లు నేర్పే కూతురు ఆయన తరపున టైపు చేసేది. కవరు మూల చిరిగిందని రాశారు. మొదటి వైపు వెంట్రుకంత గీత ఒకటుందని, దానివల్ల నాలుగుసార్లు టిక్కుమంటుందని, ముల్లు ఎక్కడా దూకదని రాశారు. చివర 'గొంతు స్పష్టంగా ఉంది' అని ఉంది.

సూరి వెంటనే కొనెయ్యలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టించి ప్రశ్నలు పంపాడు. పక్క వెలుగులో ఫొటో తీయగలరా? కన్నం చుట్టూ గీతలున్నాయా? అద్దం మీద పెడితే ఊగుతోందా? ఎప్పుడైనా నూనె రాశారా? అన్నిటికీ మర్నాడే జవాబు వచ్చింది. ఫొటోలు రెండు వచ్చాయి. నూనె రాయలేదండి, మెత్తటి గుడ్డతో తుడుస్తాను అంతే అని రాశారాయన. కొంటున్నవారు ఇంత శ్రద్ధగా అడగడం సంతోషంగా ఉందని కూడా రాశారు.

పార్సిలు వచ్చిన రోజు సూరి చేతులు కడుక్కుని, తుడుచుకుని, గుమ్మంలో వెలుగుకి నిలబడి ప్లేటు చూశాడు. నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. వాసన చూశాడు. నూనె లేదు. వెంట్రుక గీత వాళ్ళు చెప్పిన చోటే ఉంది. ప్లేటు ఎక్కించి ముల్లు పెట్టాడు.

మద్దెల వచ్చింది. మద్దెల బాగుంది. తర్వాత గొంతు వచ్చింది. ఎక్కడో గోడ వెనక ఎవరో మూలుగుతున్నట్టు. అది జోలపాట. మాటలు అతనికి నోటికొచ్చు కాబట్టి ఏది ఎక్కడో తెలుస్తోంది గాని, అక్షరాలు విడివడటం లేదు. అక్క గొంతులో ఉండే ఆ పదును, మగ్గాల చప్పుడు దాటిపోయిన పదును, ఎక్కడా లేదు. గీత దగ్గర నాలుగుసార్లు టిక్కుమంటుందన్నారు. అతనికి ఒక్కసారీ వినిపించలేదు. రెండో వైపు తిప్పాడు. అదే.

నాగమణి వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట పట్టుకుని అలాగే తల ఎత్తింది. "ఒదినే! అచ్చంగా ఒదినే పాడతన్నాది."

"ఏడిసింది. అరిగి సచ్చింది ఇది."

"బానే ఉన్నాది కదా. మాటా మాటా యినపడతన్నాది."

"నీకేటి తెల్సే ప్లేట్ల గురించి?" సూరి ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. "నలభై ఏళ్ళు యిన్నాను నేను. నాకు సెప్తావేటి?"

నాగమణి చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అతనికి వచ్చింది మామూలు కోపం కాదు. తొమ్మిదేళ్ళుగా లోపల కుళ్ళుతున్నదేదో ఆ తణుకు మనిషి మీదికి మళ్ళింది. మర్నాడు పొద్దున్నే రాధ షాపు తెరవకముందే వెళ్ళి నిలబడ్డాడు. కొన్నవాళ్ళు అమ్మినవాళ్ళ పేరు కింద నాలుగు మాటలు రాసే వీలు ఆ సైటులో ఉంది. అందరూ చూడొచ్చు, తర్వాత తీసెయ్యడానికి ఉండదు. సూరి చెప్పింది రాధ కొట్టింది. 'ఈయన గొంతు స్పష్టంగా ఉందని రాశాడు. గాడులు పూర్తిగా అరిగిపోయిన ప్లేటు అంటగట్టాడు. ఈయనకి వినడం రాదు, లేకపోతే ఈయన మోసగాడు.'

"మోసగాడు తీసేద్దామా బాబాయ్? పెద్దాయన," అంది రాధ.

"ఉంచు."

ఆ సాయంత్రమే జవాబు వచ్చింది. మీకు బాధ కలిగించినందుకు క్షమించండి, ప్లేటు తిప్పి పంపేయండి, మీ డబ్బు మీకు పంపేస్తాను. అంతే ఉంది. సూరి ప్లేటుని రెండు అట్టల మధ్య పెట్టి, గుడ్డ చుట్టి, పోస్టాఫీసులో ఇచ్చి వచ్చాడు. అక్క గొంతు లేని అక్క ప్లేటు తనకెందుకనుకున్నాడు. ఇంకెక్కడో మంచిది ఉండకపోదు అనుకున్నాడు.

తర్వాతి జూలైలో అతనికి దువ్వాడ దగ్గర కొత్త అపార్టుమెంట్లలో వాచ్‌మన్ పని కుదిరేలా ఉంది. డాక్టరు సర్టిఫికెట్ కావాలన్నారు. కళ్ళు చూశారు, గుండె చూశారు. తర్వాత ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకి డొప్పలు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా వేలు ఎత్తమన్నారు. మొదట్లో నాలుగైదుసార్లు ఎత్తాడు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మిషను ఆగిపోయిందేమో అనుకుని నర్సు వైపు చూశాడు. ఆమె బొత్తాలు నొక్కుతూనే ఉంది. నొక్కుతూ అతని వేలి వైపే చూస్తోంది.

డాక్టరు కాగితం మీద గీత చూపించాడు. కొంతదూరం తిన్నగా వెళ్ళి, ఒక్కసారిగా కిందికి జారిపోయింది. "ఎక్కడ పని చేశారు మీరు?"

సూరి చెప్పాడు.

"సన్నటి శబ్దాలు మీకు పోయాయండి. ఇవాళా నిన్నా కాదు, పదేళ్ళ పైనే అయుంటుంది. మెల్లగా పోతాయి కాబట్టి మనకి తెలీదు. ఎదుటివాళ్ళే గొణుగుతున్నారనుకుంటాం."

సూరి ఆ గీత మీద వేలు పెట్టాడు. "బాబూ, పాటల ప్లేటు ఏత్తే... నాకు ఎలాగ యినపడతాది?"

"మద్దెలలాంటివి బాగానే వినపడతాయి. ఆడవాళ్ళ గొంతులో స్పష్టత రాదు. దూరంగా, మూసుకుపోయినట్టు ఉంటుంది." డాక్టరు చెవికి మిషను పెట్టుకోవడం గురించి ఇంకా ఏదో చెప్పాడు. సూరి అదేమీ పట్టించుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి నాగమణి బడి నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. అతను గుమ్మంలోనే నిలబడి అడిగాడు. "ఆవేళ అప్ప పాట నీకు బాగా యినపడింది కదా?"

"ఏవేళ?"

"ప్లేటు ఏసినప్పుడు. ఎలాగున్నాది? జోలపాట ఎలాగ పాడింది?"

నాగమణి అతని మొహం చూసి భయపడింది. "బాగుందన్నాను కదా అప్పుడే. ఒదిన గొంతే. బియ్యం ఏరుకుంటన్నాను, ఏదో యిన్నాను... ఎనిమిది నెల్లయిపోనాది. ఇప్పుడు సెప్పమంటే ఏటి సెప్పను?" తర్వాత తువ్వాలు పక్కన పడేసి, అతన్ని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. అప్పుడే అతను ఆసుపత్రిలో అక్కతో ఆడిన అబద్ధం గురించి కూడా చెప్పాడు. నాగమణి తిట్టలేదు, ఓదార్చలేదు. "తణుకెల్లి అడుగు," అంది. "కాళ్ళు పట్టుకుని అడుగు. ఇచ్చేత్తారు."

రాధ రెండు మెసేజీలు పంపింది. జవాబు లేదు. అచ్యుతరామయ్య పేరు మీద ఇదివరకు ముప్పై, నలభై ప్లేట్లు అమ్మకానికి ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. ఆయన పేరు కింద సూరి రాయించిన మాటలు మాత్రం పైన కనిపిస్తున్నాయి. పాత పార్సిలు అట్ట మీది చిరునామా పట్టుకుని సూరి దువ్వాడలో రైలెక్కాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో చెప్పుకుంటూనే ఉన్నాడు. నిడదవోలులో దిగి, బస్సు పట్టుకుని, పది దాటేసరికి తణుకు చేరాడు.

తలుపు ఆయనే తీశారు. డెబ్భై అయిదేళ్ళ మనిషి, బక్కపల్చగా, భుజం మీద తువ్వాలుతో. సూరి పేరు చెప్పగానే ఆయన మొహంలో ఏదో కదిలింది. అయినా లోపలికి రమ్మన్నారు, మంచినీళ్ళిచ్చారు. గదిలో ఒక గోడ పొడవునా చెక్క అరలున్నాయి. అన్నీ ఖాళీ.

సూరి నోరు తెరిచేలోపే ఆయన మాట్లాడారు. "మీరు రాసింది చదివి నేను బాధపడ్డ మాట నిజమేనండి. కానీ తర్వాత ఆలోచించాను. మీరు ఏళ్ళ తరబడి రికార్డులు చూసినవారు, ఆ ప్రశ్నలు చూస్తేనే తెలిసింది నాకు. నాకా, వయసు మీద పడింది. నా చెవే మోసం చేసిందేమో, అరిగిపోయినవాటిని బాగున్నాయని ఎంతమందికి పంపించానో అని. మా అమ్మాయి విని, బాగానే ఉంది నాన్నా అంది. నన్ను ఊరుకోబెట్టడానికి అంటోందనుకున్నాను."

"మేష్టారూ..."

"అన్నీ ఇక్కడి లైబ్రరీకి ఇచ్చేశానండి, ఊరికే. అమ్మే హక్కు నాకు లేదనిపించింది. మీరు వెనక్కి పంపిన ఆ ఒక్కటీ మాత్రం లైబ్రరీకి కూడా ఇవ్వలేదు. పాడైనదని తెలిసీ ఇంకొకరి చేతిలో ఎలా పెడతాను? విరిచేశాను."

సూరికి ఆ మాట సరిగానే వినిపించింది. అయినా అడిగాడు. "ఏటి సేసేరు?"

"విరిచేశానండి. రెండు ముక్కలు చేసి పారేశాను. ఇంకెవరూ మోసపోకూడదని."

సూరి చేతిలో గ్లాసు ఉంది. దాన్ని నేల మీద పెట్టాడు. రైలులో తయారు చేసుకున్న మాటలన్నీ ఎందుకూ పనికిరానివయ్యాయి. ఇప్పుడు నిజం చెబితే ప్లేటు తిరిగి రాదు. ఈ ముసలాయన మాత్రం బతికినన్నాళ్ళూ తన చేతుల్ని చూసుకుని కుమిలిపోతాడు. చెప్పకుండా నమస్కారం పెట్టి లేచి వెళ్ళిపోవచ్చు. అతను లేవబోయాడు కూడా. కానీ ఎదురుగా ఆ ఖాళీ అరలు ఉన్నాయి. ఎనిమిది నెలలుగా ఈయన తన చెవుల్నీ, తన కూతుర్నీ నమ్మకుండా ఈ గోడకి ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ ప్లేటు బాగుందండి," అన్నాడు సూరి. "మీరు రాసిందంతా నిజమే. పాడైనయి నా సెవులు. డాక్టరు సెప్పే దాకా నాకు తెల్దు." జేబులోంచి కాగితం తీసి, ఆ గీత ఉన్న కాగితం, ఆయన ముందు పెట్టాడు.

అచ్యుతరామయ్య కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూశారు. తర్వాత కళ్ళజోడు తీసి, తువ్వాలుతో కాదు, చేత్తోనే మొహం తుడుచుకున్నారు. "ఎంత పని చేయించారండీ నా చేత," అన్నారు. గొంతు పెంచలేదు. "ఒక్క మాట అడగొచ్చు కదా నన్ను. ఇంకోసారి విని చూడండి మేష్టారూ అని, ఒక్క మాట."

సూరి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరావిడ? మీకు తెలుసా?"

"మా అప్పండి. నన్ను పెంచింది."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. సూరి కుర్చీలో ముందుకి వంగాడు. "మేష్టారూ, మీరు యిన్నారు కదా. ఎలాగున్నాదో సెప్పండి. మాటలు నాకొచ్చు. గొంతు సెప్పండి."

ఆయన కిటికీ బయట సైకిలు మీద ఎవరో వెళ్ళేదాకా ఆగి, అప్పుడు మొదలెట్టారు. జోలపాటలో రెండో చరణం ఎత్తుకునేముందు ఆవిడ ఊపిరి పీల్చిన చప్పుడు వినపడుతుందన్నారు. అక్కడ మద్దెల వాయించేవాడు ఒక దెబ్బ ఆలస్యం చేస్తే, ఆవిడ వాడికోసం ఆగకుండా వెళ్ళిపోయిందన్నారు. ఆ తర్వాత ఆయన మొహం పూర్తిగా కిటికీ వైపు తిరిగిపోయింది. మాటలు నడుస్తూనే ఉన్నాయి. పెదాలు కనపడక సూరికి సగం మాటలు అందలేదు. చివర్లో, పాట ముగిశాక, ఏదో వినపడుతుందని చెప్పారు. నవ్వు అన్నారో, దగ్గు అన్నారో తెలియలేదు. మళ్ళీ చెప్పమని అడగడానికి అతనికి నోరు రాలేదు. ఆ రోజు ఆయన్ని ఇంకేదీ అడిగే హక్కు తనకి లేదనిపించింది.

భోజనం చేసి వెళ్ళమన్నారు గాని సూరి ఉండలేదు. గుమ్మం దాకా వచ్చి ఆయన నమస్కారం పెట్టారు. ఇతనూ పెట్టాడు.

వాచ్‌మన్ పని రాలేదు. ఆటోనగర్ లారీల యార్డులో టైర్లకి గాలి కొట్టే పని దొరికింది. అక్కడ ఎవరికీ అతని చెవులతో పని లేదు. సైటులో తన పాత మాటలు తీసెయ్యమని రాధ చేత రెండుసార్లు రాయించాడు. వీలుకాదని జవాబు వచ్చింది. అందుకని దాని కిందే ఇంకోటి రాయించాడు. 'ప్లేటు బాగుంది. తప్పు నాది. మేష్టారు నిజం చెప్పారు.' తణుకు నుంచి మళ్ళీ ప్లేట్లు అమ్మకానికి రాలేదు. రాధ షాపు నడిచిన ఇంకో రెండేళ్ళూ గురువారాల్లో తనే దేముడమ్మ పేరూ, దేవుడమ్మ పేరూ కొట్టి చూసేది. కనిపిస్తే కబురు పెడతానంది. కబురు రాలేదు.